సూర్యలంక రోడ్డులో ఎగరెయ్యని డ్రోన్

డ్రోన్ ఎగరేసే ముందు ఫోన్లో మ్యాప్ చూడటం నాకు చెప్పులు వేసుకునే ముందు దులుపుకోవడం లాంటిది. ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. ప్రభుత్వం వాళ్ళ మ్యాప్ అది. దేశమంతా మూడు రంగుల్లో ఉంటుంది. ఆకుపచ్చగా ఉన్నచోట నాలుగు వందల అడుగుల ఎత్తు దాకా ఎవరినీ అడగకుండా ఎగరెయ్యవచ్చు. పసుపు ఉన్నచోట విమానాల రాకపోకలు చూసేవాళ్ళ అనుమతి కావాలి. ఎరుపు ఉన్నచోట కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప కుదరదు. నా డ్రోన్ అరచేతిలో పట్టేంతది, పావుకిలో కూడా తూగదు. దానికి లైసెన్సు అక్కర్లేదు. అయినా ఎరుపు దానికీ ఎరుపే. పైగా నిన్న ఉన్న రంగు ఇవాళ ఉండాలని లేదు కాబట్టి, ఎగరేసే రోజునే, ఎగరేసే చోటే నిలబడి చూసుకోవాలి.

దాన్ని మా అమ్మాయి హైదరాబాదు నుంచి పంపింది. "సాయంత్రాలు వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయేవాళ్ళ మీద విసుక్కునే బదులు దీన్ని ఎగరెయ్యి నాన్నా" అంది. నేను విసుక్కునేది హారన్లు కొట్టేవాళ్ళ మీదే గానీ, అమ్మాయితో వాదించి గెలిచిన రోజు లేదు.

ఆదివారాలు తెనాలి నుంచి అమృతలూరు వైపు బస్సులో వెళ్ళి, కాలవ గట్టు మీద నిలబడి ఎగరేసేవాణ్ణి. వరి కోసిన తర్వాత మినుము పచ్చగా పరుచుకునే రోజుల్లో పైనుంచి చూడటం బాగుంటుంది. ఒక్కోసారి రేపల్లె దాకా పోయేవాణ్ణి. ఆ రైలు పట్టాలకు అటూ ఇటూ మా పొలాలు ఉండేవని చెబితే ఇప్పుడు వినేవాళ్ళు మొహమాటానికి తల ఊపుతారు. అందుకని చెప్పను. అవి ఎట్లా పోయాయో చెప్పుకోవడం మా ఇంట్లో అసలే లేదు. పైనుంచి చూస్తే గట్లు కనబడతాయి, బోదెలు కనబడతాయి, ఏ పొలం చెక్క ఎవరిదో కనబడదు. అది నాకు నచ్చేది.

మా తాత పరాయి చేలో అడుగు పెట్టవలసి వస్తే గట్టు మీద ఆగి కేక వేసేవాడట. ఆ చేను తన దగ్గర కౌలు చేసేవాడిదైనా సరే. లోపలినుంచి బదులు వచ్చాకే దిగేవాడు. మ్యాప్ తెరిచి రంగు చూసుకున్నప్పుడు నేను చేసేదీ అదేనని నాకు అనిపించేది. ఇప్పుడు నేను తెనాలిలో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాను. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో గుమ్మం దాటను, అడగకుండా ఇంకొకరి హద్దు దాటను.

ఇంత జాగ్రత్త పడేవాడికి ఒకరోజు ఆ మ్యాపే గొంతు మీద కాలు వేసింది.

మా మేనత్త బాపట్లలో కూతురి దగ్గర ఉంటుంది. ఆ కూతురు నాకంటే పెద్దది, నాకు వదిన. అత్తయ్యకు ఎనభై దాటాయి. నడక గట్టిదే. జ్ఞాపకమే రెండేళ్ళుగా చెదిరిపోతూ వచ్చింది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, కానీ చిన్నప్పుడు మా ఇంట్లో ఏ గేదె ఏ పూట ఎంత పాలిచ్చేదో చెబుతుంది. అంతకుముందు వేసవిలో ఒకసారి చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి బయటికి నడిచి సూర్యలంక రోడ్డు పట్టింది. ఆ దారిలో మామయ్య బతికుండగా వాళ్ళకు జీడిమామిడి తోట ఉండేది. అమ్ముకుని చాలా కాలమైంది. ఆ రోజు రెండు వీధులు దాటకముందే వదిన చూసి వెనక్కి తీసుకొచ్చింది. సంగతి ఇంట్లో వాళ్ళు తప్ప ఇంకెవరికీ తెలియలేదు.

రెండోసారి అట్లా జరగలేదు. నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు వదిన ఫోన్ చేసింది.

"అమ్మ కనబడటం లేదు అబ్బాయ్."

"ఎప్పటినుంచి?"

"టిఫిన్ తిని వరండాలో కూర్చుంది. నేను పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి లేదు. సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్తున్నట్టు చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాను. లేదు."

"ఎవరినైనా అడిగావా?"

"ఏమని అడగను? మా అమ్మ మతి లేక రోడ్డున పడిందని అడగనా? మీ అన్నయ్య కూడా ఊళ్ళో లేడు. అటే పోయి ఉంటుంది, తోట వైపు. నీ డ్రోన్ తీసుకురా. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియకుండా దొరుకుతుంది."

ఆమె మాట నాకు సబబుగానే తోచింది. ఒకప్పుడు మా ఇంటి ఆడవాళ్ళు బయటికి వస్తే పక్కన మనిషి లేకుండా వచ్చేవాళ్ళు కాదు. ఆ ఇంటి ఆడపడుచు దారి తప్పి తిరుగుతోందని కిళ్ళీ కొట్టు దగ్గర అనుకోవడం నేనూ వినదలచుకోలేదు. ఒక్క మనిషిని కూడా అడగకుండా, నాలుగు మైళ్ళ నేల వెతకగల సాధనం నా దగ్గర ఉంది. కంచం పక్కకు నెట్టి, డ్రోన్ పెట్టె సంచీలో పెట్టుకుని స్టేషనుకు నడిచాను.

రైల్లో మ్యాప్ తెరిచాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. నిడుబ్రోలు దాటాక రంగులు వచ్చాయి. బాపట్ల దగ్గర వేలితో పెద్దది చేసి చూశాను. సముద్రం వైపు ఎర్రగా ఉంది. నేను ఆశ్చర్యపోలేదు. తీరాన విమానదళం వాళ్ళ కేంద్రం ఉందని ఆ దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. తోట ఆ ఎరుపుకు ఇవతల ఉంటుందేమో, అంచునైనా ఉంటుందేమో అని ఆశ. ఎంత దగ్గరికి లాగినా చిన్న తెరమీద రోడ్డూ తోటా విడిగా తేలలేదు. అక్కడికి వెళ్ళి నిలబడితే గానీ తేలదు.

వదిన స్టేషను బయట గొడుగు వేసుకుని నిలబడి ఉంది. మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. పేరంటానికి వెళ్తున్న మనిషిలా ఉంది. కళ్ళు మాత్రం ఎర్రబడి ఉన్నాయి. ఆటో మాట్లాడుకున్నాం. నలభై ఏళ్ళ మనిషి డ్రైవరు, మాటకారి.

"సూర్యలంకాండి? ఈ ఎండలో బీచికి ఎవరూ పోరు కదండీ."

"బీచికి కాదు. దారిలో తోటలు ఫొటో తీసుకోవాలి" అంది వదిన.

నా ఒళ్ళో పెట్టె చూసి అతను అద్దంలో నవ్వాడు. "పెళ్ళి షూటింగాండి బాబాయ్? మొన్న మా వీధిలో పెళ్ళికి తెచ్చారు. పెళ్ళికొడుకు పైకి చూస్తా చూస్తా తాళి పక్కనున్న పిల్ల వైపు పట్టుకెళ్ళాడు."

ఇద్దరం నవ్వలేదు. మేము రోడ్డుకు చెరో పక్కన చూస్తూ కూర్చున్నాం. అత్తయ్య కట్టుకున్న తెల్ల చీర లాంటిది కనబడినప్పుడల్లా వదిన చెయ్యి నా మోచెయ్యి మీదికి వచ్చేది. దగ్గరికి వెళ్తే అది ఒకచోట సిమెంటు సంచీ, ఒకచోట దండెం మీద పంచె.

తోట దగ్గర ఆటో ఆపించాం. రోడ్డుకు ఒకవైపు సరుగుడు చెట్లు, ఇంకోవైపు జీడిమామిడి. ఇసుక నేల. కొత్త వాళ్ళు చుట్టూ కంచె వేసి గేటుకు తాళం పెట్టారు. లోపల చెట్లు గుబురుగా ఉన్నాయి. ఎవరైనా ఆ కొమ్మల కింద కూర్చుంటే రోడ్డు మీది నుంచి కనబడే వీల్లేదు. వదిన కంచె పట్టుకుని "అమ్మా" అని పిలిచింది. గట్టిగా పిలవలేదు. ఆటో వైపు చూసి, మెల్లగా ఇంకోసారి పిలిచింది.

నేను ఫోన్ తీశాను. నేను నిలబడ్డ చోటుని చూపే నీలం చుక్క ఎరుపు నడుమ ఉంది. అంచున కాదు. రోడ్డు వెంబడి అటూ ఇటూ జరిపి చూశాను. తోటా, తోట వెనక చేనూ, దాని వెనక సరుగుడూ అంతా ఎరుపే. మ్యాప్ మూసి మళ్ళీ తెరిచాను. అదే ఎరుపు.

పెట్టె తెరిచి, డ్రోన్ రెక్కలు విప్పి, మూత మీద నిలబెట్టాను. ఎందుకు నిలబెట్టానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. చెయ్యి తనంతట తాను అలవాటుగా చేసుకుపోయింది.

"ఇంకా చూస్తావేంటి? ఎగరెయ్యి" అంది వదిన.

"ఇక్కడ ఎగరెయ్యకూడదు వదినా. ఎరుపులో ఉంది."

"ఏంటి ఎరుపు?"

చూపించాను. ఆమె ఫోన్ వంక చూడలేదు. నా మొహం వంకే చూసింది.

"అయిదు నిమిషాలు. చెట్ల మీదుగా ఒక్కసారి తిప్పి దించెయ్యి. పిట్టంత లేదు, దీన్ని ఎవడు చూస్తాడు?"

"చూడటానికే ఉన్నారు వాళ్ళు. వాళ్ళకు అది పిట్టో కాదో తెలియదు. మన అత్తయ్యను వెతుకుతున్నామనీ తెలియదు."

"తాత ఉన్నప్పుడు కలెక్టరు మీ ఇంటి అరుగు మీద కూర్చుని వెళ్ళేవాడు. ఆయన మనవడివి, ఫోన్లో రంగు చూసి వణుకుతున్నావు."

"వణకడం లేదు. తాతే ఉంటే ఇంకా ముందే ఆగేవాడు."

"ఆగు అయితే. నిటారుగా నిలబడి ఆగు. మా అమ్మ ఎండకు పడిపోయి ఉంటే అప్పుడు కూడా చొక్కా నలక్కుండా వచ్చి చూడు."

ఆ మాట తగిలింది. ఆమె తగలాలనే అంది. ఎండ మా నెత్తిన ఉంది, అత్తయ్య నెత్తిన కూడా ఉంది. పొద్దుననగా తిన్న రెండు ఇడ్లీలు తప్ప ఆమె కడుపులో ఏమీ లేదు. చేతిలో రిమోట్ ఉంది. బొటనవేలు కదిపితే చాలు. విమానదళం వాళ్ళ ఆకాశంలోకి నా బొమ్మను పంపితే జరిగేవి రెండు. ఎవరూ గమనించకపోవడం ఒకటి. గమనించి మమ్మల్ని పట్టుకుని కూర్చోబెట్టడం ఇంకొకటి. అప్పుడు వెతికేవాళ్ళు కూడా మిగలరు. కానీ నేను ఈ లెక్క వేసుకుని ఆగానని చెబితే పూర్తి నిజం కాదు. ఆ చోటు నాది కాదు. కేక వేశాను, లోపలినుంచి వద్దని బదులొచ్చింది. అంతే.

ఆటో డ్రైవరు బీడీ పారేసి దగ్గరికి వచ్చాడు. మా మాటలు ఎంతవరకు విన్నాడో తెలియదు.

"ఏమనుకోకండి. ఎవరన్నా తప్పిపోయారాండి?"

"లేదు" అంది వదిన వెంటనే.

ఎరుపు దగ్గర ఆగడం నాకు కష్టం కాలేదు. ఆ తర్వాత నోరు తెరవడమే కష్టమైంది. మా ఇంటికి ఊళ్ళో వాళ్ళు సాయం అడగడానికి వచ్చేవాళ్ళు. మేము ఎవరినీ అడగలేదు. పొలాలు పోతున్నప్పుడు అడగలేదు, ఇల్లు పోయినప్పుడు అడగలేదు. వదినా నేనూ ఒకే అన్నం తిని పెరిగాం గనక, ఆమె 'లేదు' అనడం నాకు అర్థమైంది.

"అవును" అన్నాను. "మా మేనత్త. పెద్దావిడ. ఇంట్లోంచి వచ్చేసింది. జ్ఞాపకం సరిగా ఉండదు."

వదిన గొడుగు దించేసి ఎండలో నిలబడింది. నా వంక చూడలేదు.

"ముందే చెప్పొద్దాండి పిన్నిగారూ" అన్నాడు అతను, నన్ను కాకుండా ఆమెనే. "ఫొటో ఉందాండి? మా ఆటోవాళ్ళ గ్రూపులో పెడతా. బాపట్ల, చీరాల, రేపల్లె అన్నీ కలిపి ఉంటాం."

నా ఫోన్లో అమ్మాయి పెళ్ళినాటి ఫొటో ఉంది. అత్తయ్య పట్టుచీరలో, ముక్కుపుడకతో, తల ఎత్తి కూర్చుని ఉంది. వదిన "అది వద్దు" అంది. వేరే ఫొటో లేదు. పంపాను. దాని కింద ఆమె ఏ ఇంటి ఆడపడుచో, ఏ ఇంటి కోడలో ఇంటిపేర్లతో సహా, నా ఫోన్ నంబరుతో సహా అతనే అడిగి రాసుకున్నాడు. ఫోన్లో టైపు చేస్తూ పైకి చదివాడు కూడా. 'కనబడుటలేదు' అన్న మాట చదివినప్పుడు వదిన ఆటోలోకి వెళ్ళి కూర్చుంది.

అక్కణ్ణుంచి పోలీస్ స్టేషనుకు వెళ్ళాం. అక్కడున్న కానిస్టేబులు కుర్చీ వేసి, ఓపిగ్గా అన్నీ అడిగాడు. సూర్యలంక రోడ్డులో డ్రోన్ ఎగరేసి వెతకడానికి అనుమతి దొరుకుతుందా అని అడిగాను.

"అది మేమిచ్చేది కాదండి. అక్కడ మాక్కూడా కుదరదు. ఎగరేశారా ఏంటి?"

"లేదు."

"మంచి పని చేశారు. ఇప్పుడు ఆవిడ సంగతి చూద్దాం. ఎక్కడికి వెళ్ళాలని ఎక్కువ అంటుంటారండి?"

నేను తోట అనబోయాను. నాకంటే ముందు వదిన మాట్లాడింది. "ఇంటికి వెళ్తాననేది" అంది. "రోజూ అనేది. ఇది ఇల్లేగా అమ్మా అనేదాన్ని."

ఆ మాట అంటూనే ఆమె ఆగిపోయింది. నేనూ ఆమె వంక చూశాను. అత్తయ్య ఇల్లు అన్నప్పుడల్లా మేము మామయ్య ఆస్తి గురించి ఆలోచించాం. పెళ్ళయి అరవై ఏళ్ళయినా ఆమెకు ఇల్లంటే పుట్టిల్లు. అది రేపల్లెలో ఉండేది. మా ఇల్లు.

రేపల్లె నుంచి ఫోన్ రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫొటో చూసిన ఆటో అతను ఒకడు, అక్కడి రైల్వే స్టేషనులో బెంచీ మీద అచ్చు అట్లాంటి ఆవిడే కూర్చుని ఉందని చెప్పాడు. చీర వేరే గానీ ముక్కుపుడక అదేనన్నాడు. ఆమె బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి మారింది. నేను తెనాలి స్టేషనుకు నడిచేటప్పటికి ఆమె అక్కణ్ణుంచి వెళ్ళిపోయి ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి అట్లాగే వచ్చేది. కాళ్ళకు ఆ దారి గుర్తుంది.

ఆ సంగతి వినగానే వదిన కానిస్టేబులు ముందే ఏడ్చింది. ఏడ్చి, పమిటతో తుడుచుకుని, "వెళ్దాం పద" అంది.

బస్సులో రేపల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తయ్య బెంచీ మీద తల ఎత్తి కూర్చుని ఉంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. పక్కన జామకాయలమ్మే ఆమె ఆకులో ఉప్మా తెచ్చి పెట్టింది కాబోలు, ఖాళీ ఆకు బెంచీ కింద ఉంది. చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన నన్ను చూసి, "మీరేనాండి? మీ ఇంటిపేరు మా నాన్న చెబుతుండేవాడండి" అన్నాడు. నేను నమస్కారం పెట్టాను.

అత్తయ్య నన్ను పోల్చుకోలేదు. కోపంగా ఉంది.

"వస్తున్నానని కబురు పెట్టాను కదా. బండి పంపడానికి ఇంతసేపా?"

మా ఇంటి ఆడపడుచులు రైలు దిగితే ఇంటినుంచి గూడుబండి వచ్చి స్టేషను బయట సిద్ధంగా ఉండేది. నేను దాన్ని చూడలేదు. నేను పుట్టేసరికే అది లేదు.

"ఆలస్యమైంది అత్తయ్యా" అన్నాను.

"మనుషుల్ని ఇట్లా నలుగురిలో కూర్చోబెడతారా?"

"తప్పైంది. పద."

వదిన ఒక చెయ్యి పట్టుకుంది, నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. జామకాయలామెకు దండం పెట్టి ఆటో ఎక్కాం. అత్తయ్య ఇంటికి తీసుకెళ్ళమంది. వద్దని వదిన సైగ చేసింది. నేను డ్రైవరుకు ఆ వీధి చెప్పాను. మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. ఆ సాయంత్రం ఎవరిదో నిశ్చితార్థం, సీరియల్ బల్బులు వెలుగుతున్నాయి. అత్తయ్య వాటిని చూసి "ఎవరి పెళ్ళి?" అని అడిగి, బదులు కోసం ఆగకుండా, "మన ఇల్లు ఇంకా ఎంత దూరం?" అంది. ఆటో మండపం దాటిపోయింది. తెనాలిలో నా వాటాకు చేరేదాకా ఆమె ఆ ప్రశ్న చాలాసార్లు అడిగింది.

వారం రోజులు నా దగ్గర ఉంచుకుని బాపట్ల పంపాను. వదిన నాతో మాట్లాడటం తగ్గించింది. డ్రోన్ ఎగరెయ్యనందుకు కాదు. ఆ సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఫొటో ఇచ్చినందుకు. అత్తయ్య దొరికిన మర్నాడే ఆటో అతను 'దొరికారు' అని గ్రూపులో పెట్టాడు. కానీ మొదటిది వెళ్ళినంత దూరం రెండోది వెళ్ళలేదు. వేటపాలెం నుంచి ఒకరు, ఈపురుపాలెం నుంచి ఒకరు, పేరు చెప్పని ఇంకొకరు నాకు ఫోన్ చేసి, ఆవిడను ఫలానా చోట చూశామన్నారు. వాళ్ళు చూసింది వేరే ఎవరినో. బ్యాంకులో, బియ్యం కొట్లో, గుడి మెట్ల మీద వదినను ఆపి, "అమ్మగారు దొరికారాండి?" అని అడిగేవాళ్ళట.

"మా అమ్మ మొహాన్ని ఊరూరా తిప్పావు" అంది ఒకసారి ఫోన్లో. "పట్టుచీరలో. ఇంటిపేర్లతో సహా. ఆ గ్రూపుల్లోంచి తీసెయ్యమని వాళ్ళతో చెప్పు."

చెబుతానన్నాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. అంతకంటే, చెప్పడానికి మనసు ఒప్పలేదు. నాకూ అది సుఖంగా లేదు. మా అత్తయ్యను తెలియని మనుషుల ఫోన్లలో, వంటల వీడియోలకూ వాన కబుర్లకూ మధ్య తలచుకుంటే ఇప్పటికీ నాకు మెడ దగ్గర వేడెక్కుతుంది. దానికి ఎవరు క్షమాపణ చెప్పాలో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వదిన తనే ఫోన్ చేసింది. గొంతు మామూలుగా ఉంది.

"అమ్మ మళ్ళీ బయటికి వెళ్ళింది."

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో. వచ్చేసింది. వెళ్ళిందని నాకు తెలిసేలోపే ఎవరో స్కూటరు మీద తెచ్చి దింపారు. స్టేషను రోడ్డులో తడుస్తూ పోతోందట. ఎవరండీ మీరు అంటే, ఈవిడ ఫొటో చూశానండి అన్నాడు. ఇల్లు కూడా ఎవరినో అడిగి కనుక్కున్నాడు."

"అత్తయ్య ఎట్లా ఉంది?"

"తల తుడిచాను. వాణ్ణి తిడుతోంది, గూడు లేని బండి ఎక్కించాడని. కాఫీ ఇచ్చాను అతనికి. లోపలికి రమ్మన్నాను. తడిబట్టలండీ అని గుమ్మంలోనే తాగాడు."

అవతల వర్షం చప్పుడు వినబడుతోంది. దాని మధ్య అత్తయ్య గొంతు, ఎవరినో పిలుస్తూ.

"ఆ ఫొటో తీసెయ్యమని చెప్పావా వాళ్ళకి?" అని అడిగింది వదిన.

"ఇంకా లేదు."

"చెప్పకు" అంది. "ఉండమ్మా, వస్తున్నా" అని అత్తయ్యకు బదులిస్తూ ఫోన్ పెట్టేసింది.